సుక్కపిల్ల ఇంకా బండ కిందే ఉంది

"ఆ తాడు దియ్యి బిడ్డా, పిలగాడు వచ్చే యాళ్లయింది" అని మా అవ్వ మంచం మీద నుంచే హుకుం జారీ చేసింది. అల్మారా పై అరలో, కట్టకుండా దాచుకున్న కొత్త చీరల వెనక చెయ్యి పెట్టి తడుముతుంటే ముందు కలరా ఉండల వాసన, దాని వెనకే ఎప్పటిదో పసుపు వాసన, చిట్టచివర ఆ రెండింటినీ పక్కకు నెట్టేసి ఘాటుగా గొర్రెబొచ్చు వాసన వచ్చింది. తాడు దొరికింది. మూరెడు కూడా ఉండదు. చిరిగిన గొంగడి అంచు నుంచి ఊడిన నల్లటి ఉన్నిపోగులను అవ్వ తొడమీద వేసి పేనిన తాడు అది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, వానలో తడిసిన మంద మా ఇంటి ముందు నుంచి పోతున్నట్టే ఉంటుంది.

ఈ తాడును ఏనాడూ ఏ గొర్రె మెడకూ కట్టలేదు. ఒక వీడియో గేమ్ క్యాసెట్‌కు కట్టి ఉండేది. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటూనే చెబుతున్నాను.

మాది కట్టంగూరుకు దగ్గరలో, హైవే మీద బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. గొర్లు, మేకలే మా బతుకు. బాపు మందతో, అమ్మ చెలకలో, నేనూ మా తమ్ముడు సైదులూ బడిలో ఉంటే ఇంటి దగ్గర అవ్వ, అంటే బాపును కన్న తల్లి, ఒక్కతే ఉండేది. ఆమె ఇంట్లో ఉండటం మాకు అప్పటికి కొత్త. ఎండాకాలం మా దిక్కు గడ్డి మాడిపోతే మందను తోలుకుని అమ్రాబాద్ అడవి దాకా నడిచిపోయి, తొలి వానలకు తిరిగొచ్చే గుంపులో అవ్వ ఎప్పుడూ ముందుండేదట. చివరికి మోకాళ్లు మొరాయించాయి. ఇక నడవద్దని దవాఖానలో చెప్పారు. మంద లేని అవ్వకు పొద్దుపోయేది కాదు. గడపలో కూర్చుని వచ్చేపోయే కోళ్లను తిట్టేది, కోళ్లు కనపడకపోతే మమ్మల్ని తిట్టేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మాఘమాసంలో ట్రాక్టర్ ట్రాలీలో వరిగడ్డి పరుచుకుని, ఇంటిల్లిపాదీ పెద్దగట్టు జాతరకు పోయాం. చెవులు గింగురుమనే డప్పులు, "ఓ లింగా" అని గుట్టంతా మోగించే కేకలు, దుమ్ములో కలిసి గాలిని కూడా ఎర్రగా చేసిన కుంకుమ, ఎటు తిరిగినా మూడు రాళ్ల పొయ్యిల మీద ఉడుకుతున్న మాంసం వాసన, ఈగలను తోలుకుంటూ తినే జిలేబీలు. ఆ సందడిలో ప్లాస్టిక్ బొమ్మల దుకాణం ముందు సైదులు ఒక పెట్టెను చూశాడు. టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేమ్. బాపు ముందు వద్దన్నాడు, తర్వాత గట్టిగా వద్దన్నాడు. సైదులు కొత్త చొక్కాతో దుమ్ములో పడి దొర్లాడు. ఇక బాపు కొనక తప్పలేదు.

ఆ పెట్టెలో ఒక పసుపురంగు క్యాసెట్ ఉండేది. ఎవరో వ్యాపారి ఎక్కడినుంచో లారీలో వేసుకొచ్చి ఆ ఒక్క జాతరలోనే అమ్మిన సరుకు కాబట్టి, ఆ ఏడు మా చుట్టుపక్కల ఊళ్లలో పెట్టె కొన్న ప్రతి ఇంటికీ అదే పసుపు క్యాసెట్ వచ్చింది. దానిమీద అతికించిన బొమ్మలో ఒకాయన ఎర్ర కారు నడుపుతుంటాడు. లోపల ఆటలో కారూ లేదు, ఆయనా లేడు. పేరుండాల్సిన చోట మాకు తెలియని లిపిలో ఏవో గీతలు. ఆ గీతలు పోగానే గుట్టలు, బండలు, ముళ్లకంపలు, వాటిమీద ఎగిరెగిరి దూకే ఒక చిన్న తెల్లటి జంతువు. అది కుందేలని సైదులు, కుక్కపిల్ల అని నేను కొట్లాడుకుంటుంటే, గడపలో కూర్చున్న అవ్వ మెడ తిప్పి చూసింది.

"కుక్కేందే, కండ్లు కనవడ్తలేవా? మేక గది. గడ్డం సూడు" అన్నది.

గడ్డం అంటే మూతి కింద ఒక చుక్క. అవ్వ చెప్పాక మాకూ గడ్డంలాగానే కనిపించింది. ఆ రోజునుంచి అవ్వ గడపలో నుంచి లేచి టీవీ ముందుకు మకాం మార్చింది. కోళ్లు ఊపిరి పీల్చుకున్నాయి.

ఆట చాలా సులువు. పొద్దు గూకేలోపల మేక గుట్ట శిఖరం ఎక్కాలి. తెర పైభాగంలో సూర్యుడు ఆ మూలనుంచి ఈ మూలకు జరుగుతుంటాడు, అదే ఆటకు గడియారం. గుట్టకు గుట్ట మారుతుంది, ఎత్తు పెరుగుతుంది. ఊళ్లో పిల్లలంతా కుడివైపు బాణం నొక్కిపట్టి, దూకుకుంటూ ఒక్క పూటలో ఆట ముగించేశారు. చివర శిఖరం మీద మేక ఒకసారి ఎగురుతుంది, అంతే, మళ్లీ మొదటికి వస్తుంది. ఇది ఉత్త దండగ ఆట అని తీర్మానించి క్యాసెట్లను మూలన పడేశారు. కొందరు వాటికి చక్రాలు తగిలించి బండ్లు చేశారు, ఇంకొందరి క్యాసెట్లు వాళ్ల చెల్లెళ్ల బొమ్మరిళ్లకు గోడలయ్యాయి. అందరూ ఒక్క పూటలో ముగించిన ఆటను మేము ఏళ్ల తరబడి ముగించలేకపోయాం. దానికి కారణం మా అవ్వ.

గుట్టల మీద అక్కడక్కడా, బండ చాటున, కంప వెనక చిన్న చిన్న మేకపిల్లలు నిలబడి ఉండేవి. వాటిని తాకితే మన మేక వెనక నడిచొస్తాయి, తాకకపోతే అక్కడే ఉంటాయి. వాటితో ఆటకు పనేమీ లేదు, వదిలేసి పోయినా ఎవరూ ఏమీ అనరు. కానీ మొదటిరోజే సైదులు ఒక పిల్లను దాటి ముందుకు ఉరికించగానే అవ్వ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

"పిల్లను ఇడిసిపెట్టి యాడికి ఉరుకుతున్నవ్ రా? మందల పుట్టినోడివేనా నువ్వు?"

అదే మా ఇంటి చట్టమైంది. ప్రతి పిల్లనూ తోలుకురావాలి. ఒక్కటి వెనకబడినా తిరిగి పోవాలి. అవ్వ వాటిని లెక్కపెట్టనిచ్చేది కాదు. మందను లెక్కపెట్టొద్దు, మొఖాలు చూసి గుర్తుపట్టాలి అనేది. అందుకని ఒక్కోదానికి పేరు పెట్టింది: బొల్లిది, కర్రెది, చెవులది, కుంటుది. గుట్టలకూ పేర్లు పెట్టింది. మొదటిది మా ఊరి గుట్ట. మెట్లు లేకుండా ఒకటే బండగా నున్నగా లేచి ఉండేది భువనగిరి. చివరిది, అన్నిటికంటే పెద్దది, చెట్లూ లోయలూ ఉన్నది అమ్రాబాద్. ఆ గుట్ట రాగానే అవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి, "గీ దారి నాకెరుక" అనేది. ఆమె కళ్లలో ఎంత సంబరం ఉండేదో చెప్పలేను. ఆమె నడవలేని దారిలో మేము ఆమెను తోలుకుపోతున్నామని అప్పుడు మాకు తెలియదు, రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్నదే మా గోల.

రిమోట్ ఒక్కటే, మేము ఇద్దరం. జుట్టు జుట్టు పట్టుకునేదాకా వస్తే ఆ తగవు కూడా అవ్వే తీర్చింది. బాణం గుర్తులు నావి, దూకే బటన్ సైదులుది. రిమోట్‌ను ఇద్దరి తొడల మీదా అడ్డంగా పెట్టుకుని, భుజానికి భుజం అతుక్కుని కూర్చునేవాళ్లం. నేను నడిపిస్తే వాడు దూకించాలి. వాడు ఆలస్యం చేస్తే నేను గిచ్చేదాన్ని, నేను ఆగితే వాడు మోచేత్తో పొడిచేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు తాటిముంజల నీళ్లు మోచేతుల దాకా కారుతుంటే, వానాకాలం సాయంత్రాలు నిప్పుల మీద కాల్చిన మక్క కంకుల మసి వేళ్లకు అంటుకుని ఉంటే, సద్దుల బతుకమ్మ మర్నాడు మలీద ముద్దల నెయ్యితో బటన్లు జారిపోతుంటే అలా ఆడుతూనే ఉన్నాం. సీతాఫలాల కాలంలో గింజలు తెరమీదికి ఉమ్మి సైదులు అమ్మ చేత తన్నులు కూడా తిన్నాడు. క్యాసెట్ మొండికేస్తే దాని నోట్లో ఉఫ్‌మని ఊదటం అవ్వ పని. ఊదినప్పుడల్లా పాత దుమ్ము, వేడెక్కిన ప్లాస్టిక్, ఆమె నోట్లోని తమలపాకు అన్నీ కలిసిన ఒక వాసన వచ్చేది.

అన్ని పిల్లలూ వచ్చేవి, ఒక్కటి తప్ప. అమ్రాబాద్ గుట్ట మీద, శిఖరానికి కాస్త కిందుగా, ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ కింద ముళ్లకంపల మధ్య నుదుటి మీద చుక్క ఉన్న పిల్ల ఒకటి నిలబడి ఉండేది. సుక్కపిల్ల. మేము దగ్గరికి పోతే అది లోపలికి జరిగేది. ఎడమనుంచి పోయాం, కుడినుంచి పోయాం, బండ మీదనుంచి దూకి చూశాం. అది ఇంకాస్త లోపలికి జరిగేది. అంతలో పొద్దు గూకేది, ఆట మొదటికి వచ్చేది. సుక్కపిల్లను వదిలేసి శిఖరం ఎక్కేద్దామని సైదులు ఎన్నిసార్లు బతిమాలినా అవ్వ ఒప్పుకోలేదు. "సగం మందను తోలుకపోయి ఏ మొఖంతోని నిలబడ్తవ్ రా?" అనేది. వాడు అలిగి పడుకునేవాడు, నేను రిమోట్ సర్దేదాన్ని, అవ్వ మాత్రం ఆరిపోయిన తెరను చూస్తూ చాలాసేపు కూర్చునేది. నిజం చెప్పాలంటే నాకూ ఆ పిల్లను అక్కడ వదిలి అన్నం తినబుద్ధయ్యేది కాదు.

ఒక ఎండాకాలం బాపు మందతో అమ్రాబాద్ దిక్కు పోయి ఉన్నాడు. సాయంత్రం ఫోన్ చేసి ఇంటి దగ్గర కట్టేసి పోయిన జీవాలు ఎట్లున్నాయని అడిగాడు. మేము అప్పుడే ఓడిపోయి ఉన్నాం. అవ్వ ఫోన్ చెవికి ఆనించుకుని, "అన్ని ఉన్నయి కొడుకా, సుక్కది ఒక్కటే రాలే. బండ కింద కంపలల్ల ఇరుక్కున్నది" అని దిగులుగా చెప్పి పెట్టేసింది. పాపం బాపు హడలిపోయాడు. మళ్లీ అవ్వకు చేయకుండా పక్కింటి లచ్చయ్య కాకకు ఫోన్ చేసి మేకపిల్ల తప్పిపోయింది వెతకమన్నాడు. కాసేపటికి కాక ఊరి గుట్టంతా తిరిగి, పంచె చినిగి, కాళ్లనిండా ముళ్ల గీరలతో మా ఇంటికి వచ్చాడు.

"నీ మేకపిల్ల పాడుగాను, యాడ జూసినా లేదు పెద్దమ్మా. ఎట్లుంటది గది?" అని అడిగాడు.

అవ్వ ఏమాత్రం తొణక్కుండా టీవీ వైపు వేలు చూపించింది. కాక టీవీని చూశాడు, అవ్వను చూశాడు, తన పంచెను చూసుకున్నాడు. మాకు తిట్లు తప్పవనుకున్నాం. ఆయన చతికిలబడి కూర్చుని, "జర నన్ను సూడనియ్యుండ్రి" అని రిమోట్ తీసుకున్నాడు. సుక్కపిల్ల ఆయనకూ రాలేదు.

తర్వాత నేను హాస్టల్‌కు పోయాను, ఆ వెనకే సైదులూ పోయాడు. డబ్బా టీవీ పోయి గోడకు అంటుకునే టీవీ వచ్చింది. గేమ్ సెట్టు ఒక పిడుగుపాటుకు మాడిపోయింది. క్యాసెట్‌ను మాత్రం అవ్వ పారేయనివ్వలేదు. ఉన్ని తాడు పేని, దానికి కట్టి, గోడకున్న మేకుకు వేలాడదీసింది. నేను చదువైపోయి నల్గొండలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరాక, శనివారం ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే గడప దగ్గర అవ్వ అడిగే మొదటి మాట ఒక్కటే: "సుక్కపిల్లను దెచ్చినవా?"

"ఇంకా రాలే అవ్వా" అనేదాన్ని. మా ఇంట్లో పలకరింపు అదే అయింది.

పోయిన ఎండాకాలం సైదులు అవ్వ ఫోటో ఒకటి తీసి ఫోన్‌లో స్టేటస్ పెట్టాడు. అది చేతులు మారి ఎట్లా పోయిందో, మహబూబ్‌నగర్ నుంచి నరేందర్ అనే అతను ఫోన్ చేశాడు. ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడట, పాత గేమ్ క్యాసెట్లు పోగుచేయడం అతని పిచ్చి. అవ్వ వెనక గోడకు వేలాడుతున్నది పసుపు క్యాసెట్టేనా అని రెండుమూడు సార్లు అడిగాడు. తనలాంటి పిచ్చివాళ్లు చాలామంది ఉన్నారని, వాళ్లలో దీన్ని "నల్గొండ పసుపు" అంటారని, ఇంకెక్కడా దొరకదని, ఆటను దండగ అని అందరూ పారేయడంతో మా దిక్కున కూడా మిగల్లేదని చెప్పాడు. ఆ జంతువు జింకా, తోడేలా, ఇంకేదైనానా అని వాళ్లలో పెద్ద వాదన నడుస్తోందట. "మేక" అని చెప్పాను. అతను వెంటనే మా ఊరికి దారి అడిగాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. పాత డబ్బా టీవీని కారు వెనక సీట్లో పసిపిల్లలాగా బెల్టు పెట్టి మరీ తెచ్చాడు, తన గేమ్ సెట్టునూ తెచ్చాడు. క్యాసెట్ తనకు అమ్మమని అడిగాడు. అవ్వ ముందు ఆడి చూపించమన్నది. అతను కూర్చుని, అలవాటు ప్రకారం కుడి బాణం నొక్కిపట్టి రయ్యిమని పోనిచ్చాడు. బొల్లిది వెనకబడింది. కర్రెది వెనకబడింది. అవ్వ చేతికర్ర అందుకుంది.

"ఓ కొడుకా, గట్ల మందను ఇడిసిపెట్టి పోయేటోనికి నా జీవాలను ఎట్లియ్యాలె?"

నరేందర్ రిమోట్‌ను మర్యాదగా కింద పెట్టాడు. నేనూ సైదులూ ఒకరినొకరం చూసుకున్నాం. వాడికిప్పుడు మీసాలున్నాయి, నాకు నడుంనొప్పి ఉంది. అయినా భుజానికి భుజం ఆనించి కూర్చుని రిమోట్‌ను తొడల మీద అడ్డంగా పెట్టుకున్నాం. బాణాలు నావి, దూకుడు వాడిది. వేళ్లకు అన్నీ గుర్తున్నాయి. మా ఊరి గుట్ట దాటాం, భువనగిరి దాటాం, అవ్వ ఒక్కొక్కదాన్ని మొఖం చూసి పేరు పెట్టి పిలుస్తుంటే మంద వెనకే వచ్చింది. అమ్రాబాద్ ఎక్కాం. బండ కింద, అదే కంపల మధ్య సుక్కపిల్ల నిలబడి ఉంది. ఈ క్యాసెట్ ఈ రోజు ఇంటినుంచి పోతే ఈ పిల్ల ఎప్పటికీ అక్కడే ఉండిపోతుందని నాకు తెలుసు. ఎడమనుంచి పోయాం, లోపలికి జరిగింది. కుడినుంచి పోయాం, ఇంకా జరిగింది. సూర్యుడు సగం దిగిపోయాడు.

అప్పుడు అమ్మ చాయ్ తెచ్చింది. "చల్లారుతది, అందుకోండ్రి" అని పళ్లెం మొఖం ముందు పెట్టింది. సైదులు ఒక గ్లాసు తీసుకున్నాడు, నేనొక గ్లాసు తీసుకున్నాను. రిమోట్ మీద ఎవరి చెయ్యీ లేదు. చిన్నప్పుడు ఒకరం ఆగితే ఒకరం పొడుచుకున్నామే తప్ప ఇద్దరం ఒక్కసారి ఆగిందెన్నడూ లేదు. తెరమీద మేక కదలకుండా నిలబడింది. బండ కిందనుంచి సుక్కపిల్ల ఒక అడుగు బయటికి వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. కంప మీదనుంచి ఒక్క గెంతు గెంతి, వచ్చి మేక పక్కన నిలబడింది.

సైదులు చాయ్ వాడి తొడమీద ఒలికినా వాడు అరవలేదు. మెల్లగా, చాలా మెల్లగా, అన్నిటినీ వెంటేసుకుని శిఖరం ఎక్కాం. ఈసారి మేక ఎగరలేదు. ఆటలో మోగే పాట నెమ్మదించింది, ఆకాశం నారింజ రంగుకు తిరిగింది, పిల్లలన్నీ మేక చుట్టూ ఒక్కొక్కటే కాళ్లు ముడుచుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాయి. చిట్టచివర సుక్కపిల్ల. నరేందర్ ఫోన్‌తో వీడియో తీస్తూ కళ్లు తుడుచుకున్నాడు. ఇట్లాంటి ముగింపు ఒకటుందని కూడా ఎవరికీ తెలియదట. నేనైతే దాచుకోకుండా ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను.

"ఇగ బంద్ చెయ్యి బిడ్డా. మంద పండుకున్నది" అన్నది అవ్వ.

క్యాసెట్‌ను తనే నరేందర్ చేతికి ఇచ్చింది, ఇచ్చేముందు ఉన్ని తాడు విప్పుకుంది. జీవాన్ని ఇచ్చినా తాడు ఇవ్వకూడదని ఆమె పట్టింపు. నరేందర్ పర్సు తీస్తే వారించింది. "అమ్ముతలేను. పాలుకిస్తున్న" అన్నది. గొర్రెను పాలుకిచ్చారంటే, అది మేపేవాడి దగ్గర ఉంటుంది కానీ ఇచ్చినవాళ్లదే, పుట్టిన పిల్లల్లో మాత్రం చెరి సగం. క్యాసెట్‌ను పాలుకు తీసుకున్న మొదటి మనిషి బహుశా అతనే. సరేనని తలూపి, టీవీనీ సెట్టునూ ఇక్కడే వదిలేసి పోయాడు.

ఆ తర్వాతి శనివారం నేను చెప్పులు విప్పకుండా గడపలో కాసేపు నిలబడ్డాను. అవ్వ తలెత్తి, "తిన్నవా?" అని అడిగింది. అంతే. అవ్వ తప్పేం లేదు, పిల్ల వచ్చేసింది కదా, ఇంకేం అడుగుతుంది. అయినా ఏదో పోగొట్టుకున్నట్టయింది. పోయినవి ఒకటా రెండా. మా ఊరి గుట్ట కింద హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేశారు. బాపు మంద సగమైంది, అమ్రాబాద్‌కు ఇప్పుడు నడిచిపోయేవాళ్లు తక్కువ, వ్యానుల్లో ఎక్కించుకుపోతున్నారు. జాతరలో ఆ పెట్టెల దుకాణం ఉన్న చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. లచ్చయ్య కాక లేడు. వీటన్నిటికీ ఓర్చుకున్నదాన్ని, గడప దగ్గరి ఆ ఒక్క మాట లేకపోతే మాత్రం ఓర్చుకోలేకపోయాను.

ఇంతకీ ఈ రోజు అవ్వ చెప్పిన పిలగాడు నరేందరే. తాడు నా చేతిలో ఉండగానే కారు ఆగింది. లోపలికి వచ్చి, సంచిలోనుంచి తీసి అవ్వ ఒళ్లో పెట్టాడు. కొత్త పసుపు క్యాసెట్. పాతదానిలోని ఆటను తన దుకాణంలోనే నెలల తరబడి కూర్చుని ఎక్కించాడట. రెండు తయారయ్యాయట.

"ఈనింది అవ్వా. ఒకటి నీది, ఒకటి నాది" అన్నాడు సిగ్గుపడుతూ.

"తల్లి మంచిగున్నదా?"

"మంచిగున్నది అవ్వా. ఒక్కదాన్ని గూడ ఇడిసిపెడ్తలేను."

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దాని నోట్లో ఉఫ్‌మని ఊదింది. నేను వంగి వాసన చూశాను, తమలపాకు వాసన తప్ప ఇంకా ఏ వాసనా పట్టలేదు. అవ్వ చెయ్యి చాచింది, నేను తాడు ఇచ్చాను. క్యాసెట్‌కు ముడివేసి, గట్టిగా ఉందో లేదో లాగి చూసి, నావైపు తిరిగింది.

"గీ మందను ఇంకా తోలలే. సుక్కది మళ్ల బండ కిందనే ఉన్నది. వచ్చే శనివారం జెర జెల్ది రా."